ఆస్తి మీదైతే ఆకలి ఎవరిది?

ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ, పశుసంవర్ధక శాఖల ఉన్నతాధికారులకు, శ్రీకాకుళం జిల్లా యంత్రాంగానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులారా,

"కుందేలు పిల్లకి ఇంత హడావుడి దేనికండీ? దొరికిన చోటే వదిలేయండి. లేదంటే నాలుగు చుక్కలు పాలు పోసి మీరే పెంచుకోండి."

తోటలో తల్లి లేని కుందేలు పిల్ల కనబడింది, ఏం చేయమంటారని ఎవరిని అడిగినా మా ఉద్దానంలో వినబడే జవాబు ఇదే. టీకొట్టు దగ్గర అడిగినా, తెలిసిన ఉద్యోగికి ఫోన్ చేసి అడిగినా ఇదే మాట, ఇదే విసుగు. ఈ జవాబులో మొదటి సగం చాలాసార్లు ఆ పిల్ల ప్రాణం నిలుపుతుంది. రెండో సగం దాదాపు ఎప్పుడూ ప్రాణం తీస్తుంది, పైగా చట్టానికి విరుద్ధం. ఏ సగం పాటించాలో, ఎప్పుడు పాటించాలో చెప్పవలసినవారు మీరు. పలాసలో గానీ, టెక్కలిలో గానీ, తీరం వెంబడి ఏ పల్లెలో గానీ ఆ మాట సామాన్యుడి చెవిన పడేలా ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఈ లేఖ.

చట్టం సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. అడవి కుందేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రక్షణ ఉన్న జంతువు. ఆ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం కూడా. అనుమతి లేకుండా పట్టుకున్న, ఇంట్లో ఉంచుకున్న వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి అని 39వ సెక్షన్ అంటుంది. అది చేతికి వచ్చినవారు 48 గంటల్లోగా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కో అధీకృత అధికారికో తెలియజేయాలి. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు సాధారణ ఉల్లంఘనలకు జరిమానాను 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా పెంచారు. అంటే జీడితోటలో దొరికిన ఆ గుప్పెడు ప్రాణి మీ ఆస్తి. మంచిదే. మరి ఆస్తి మీదైనప్పుడు దాని ఆకలి ఎవరిది? ఆ 48 గంటలూ దాని నోట్లో ఏం పోయాలి? ఎవరు పోయాలి? చట్టం గడువు చెప్పింది. ఆ గడువులో పిల్ల బతికి ఉండే దారి ఎవరు చెప్పాలి?

ఇది ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. సంక్రాంతి వెళ్లాక జీడితోటల్లో అడుగు శుభ్రం చేసే పని మొదలవుతుంది. పిక్కలు రాలేసరికి ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింద తుప్పలు కొట్టి, ఎండుటాకు ఊడ్చి కుప్పలు పోస్తారు. కొందరు నిప్పు పెడతారు. వజ్రపుకొత్తూరు నుంచి మందస, సోంపేట, కవిటి దాకా ఇదే పని. అడవి కుందేలు ఏడాది పొడవునా పిల్లలు పెడుతుంది. వానలు పడితే ఇంకా ఎక్కువ. అది బొరియ తవ్వదు. గడ్డి చాటునో ఆకు కిందో ఒళ్లు పట్టేటంత చిన్న పల్లం చేసుకుని అక్కడే ఈనుతుంది. పుట్టిన పిల్లకు అప్పటికే ఒంటినిండా మట్టిరంగు బొచ్చు ఉంటుంది, కళ్లు తెరుచుకుని ఉంటాయి. చెవులు వీపుకు ఆనించి, గడ్డం నేలకు తాకించి, పక్కనే కత్తి పడినా ఉలకదు, పలకదు. కదలకుండా ఉండడమే దానికి పుట్టుకతో వచ్చిన రక్షణ. నక్కో అడవి పిల్లో గద్దో దాన్ని కనిపెట్టకుండా ఆ బిగుసుకుపోవడమే కాపాడుతుంది. మన కంటికి మాత్రం అది జబ్బుపడ్డట్టో, దిక్కులేనట్టో కనిపిస్తుంది.

ఆకు ఊడుస్తున్న ఆమె వంగి చూస్తుంది. "తల్లి ఒగ్గీసినట్టుంది బాబూ, సీమలు పట్టేస్తాయి" అని కొంగులో వేసుకుంటుంది. ఆ చేతిలో దురాశ లేదు, వేట లేదు. ఉన్నది జాలి. ఇంటికి తెచ్చి అట్టపెట్టెలో గుడ్డ పరిచి, పిల్లలంతా చుట్టూ మూగగా, ఆవుపాలు కాచి ఉగ్గుగిన్నెతో పోస్తుంది. మర్నాడో మూడోనాడో కడుపు ఉబ్బి, నీళ్ల విరేచనాలు పట్టుకుని ఆ పిల్ల చనిపోతుంది. "దానికి రాసిపెట్టి లేదు" అనుకుంటారు. రాసిపెట్టవలసింది నుదుటి మీద కాదండీ, మీ కార్యాలయం నోటీసు బోర్డు మీద.

నిజానికి చాలాసార్లు ఆ తల్లి పిల్లను ఒగ్గీయలేదు. కుందేళ్ల పెంపకం తీరే అది. తల్లి పగలంతా పిల్లల దగ్గర ఉండదు. ఉంటే తన వాసన పట్టి నక్కలూ కుక్కలూ గూటి దాకా వస్తాయి. అందుకే దూరంగా మేసి, రోజుకు ఒక్కసారి, ఎక్కువగా చీకటి పడే వేళ వచ్చి, కొద్ది నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. ఆ కొద్ది నిమిషాల పాలతోనే పిల్ల మర్నాటి దాకా గడుపుతుంది. మిట్టమధ్యాహ్నం పిల్ల ఒంటరిగా కనబడిందంటే అంతా సవ్యంగా ఉందనే అర్థం. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానీయదన్న నమ్మకం కూడా ఊరూరా ఉంది. కానీ దొరికిన చోటే తిరిగి పెడితే చాలా సందర్భాల్లో తల్లి వచ్చి పాలిస్తుంది. అక్కడ నిప్పు పెడుతున్నారనుకోండి, పని సాగుతోందనుకోండి. నాలుగడుగుల దూరంలో నీడ ఉన్న తుప్ప కిందకు చేర్చి, మనుషులు, కుక్కలు ఆ సాయంత్రం అటు పోకుండా చూస్తే చాలు.

ఈ రెండు ముక్కలు చెప్పడానికి మీకు బడ్జెట్ కావాలా? జీవో కావాలా? ఉపాధి పనుల్లో తుప్పలు కొట్టించే మేట్‌కి ఒక పూట చెబితే, అతను ఆ సీజనంతా వందమందికి చెబుతాడు. ఆకు కుప్పకు నిప్పు పెట్టేముందు కర్రతో ఒకసారి కదిపి చూడమనడానికి ఏ నిపుణుల కమిటీ నివేదిక కోసం ఎదురుచూస్తున్నారు?

నిజంగా తల్లి పోయిన పిల్లలూ ఉంటాయి. జాతీయ రహదారి మీద లారీ కింద పడ్డ తల్లి, ఉచ్చులో తగులుకున్న తల్లి, ఊరకుక్కలు తరిమి చంపిన తల్లి మాకు కనబడుతూనే ఉంటాయి. ఒంటి మీద గాయమో ఈగగుడ్లో ఉన్న పిల్ల, ముట్టుకుంటే చల్లబడి, చర్మం ముడతలు పడి ఉన్న పిల్ల, తల్లి చావు మనం కళ్లారా చూసిన పిల్ల, వీటికి సాయం కావాలి. ఆ సాయం ఎలా చేయాలన్నది పశువైద్యులకు కొత్త విద్యేమీ కాదు. కొత్తదల్లా మాకే. కాబట్టి మీరు చెప్పవలసింది నేను రాస్తున్నాను. తప్పుంటే దిద్దండి, ఒప్పైతే అచ్చువేయించండి.

ముందు వెచ్చదనం, ఆ తర్వాతే పాలు. చల్లబడ్డ పిల్లకు పాలు పడితే అరగవు. వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పెట్టె ఒక పక్కన పెట్టాలి, పిల్లకు వేడి ఎక్కువైతే జరగడానికి రెండో పక్క ఖాళీగా ఉండాలి. ఒళ్లు వెచ్చబడ్డాకే నోటికి ఏమైనా.

ఏ పాలు? ఇక్కడే ప్రాణాలు పోతున్నాయి. కుందేలు పాలు చాలా చిక్కన. కొవ్వు దాదాపు 12 శాతం, మాంసకృత్తులు 10 శాతానికి పైగా ఉంటాయి. పాలచక్కెర రెండు శాతమైనా ఉండదు. ఆవుపాలలో కొవ్వు నాలుగు శాతం లోపు, మాంసకృత్తులు మూడు శాతం పైచిలుకు, పాలచక్కెర దాదాపు ఐదు శాతం. అంటే కావలసినది తక్కువ, అరగనిది ఎక్కువ. ఆ అరగని చక్కెరే పేగుల్లో పులిసి కడుపు ఉబ్బిస్తుంది. అదీగాక తల్లిపాలలోని కొవ్వు పిల్ల కడుపులో చేటు చేసే సూక్ష్మజీవులను అడ్డుకునే ఆమ్లాలుగా మారుతుంది. పోతపాల పిల్లకు ఆ కవచం ఉండదు. అందుకే పిల్లికూనల కోసం అమ్మే పాలపొడి దగ్గరి ప్రత్యామ్నాయం అంటారు పశువైద్యులు. అది దొరకని పల్లెలో మేకపాలు ఆవుపాల కన్నా కొంత నయం, అదీ డాక్టరు చెప్పిన పాళ్లలో. విశాఖ వెళ్తే గానీ దొరకని పాలపొడి డబ్బా కాశీబుగ్గ పశువుల ఆసుపత్రి అలమరలో ఒకటి ఉంచితే ఖజానా ఖాళీ అవుతుందా?

ఎలా పట్టాలి? ఉగ్గుగిన్నె వద్దు, పాలపీక వద్దు. సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజి చాలు. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టకూడదు. నాలుగు కాళ్లూ ఆనేలా బోర్లా, తల కాస్త పైకి ఉండేలా పట్టుకోవాలి. గోరువెచ్చని పాలు పెదవి పక్కనుంచి ఒక్కో చుక్క వదలాలి. అది నాకి మింగాక ఇంకో చుక్క. తొందరపడి వత్తితే పొలమారి పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కులోంచి పాలు బుడగలా వచ్చాయంటే ఆ ప్రమాదం జరిగిపోయినట్టే. రోజుకు రెండుసార్లు చాలు. పెంపుడు కుందేలు జాతిలో రోజుల పిల్లకు ఒక పూటకు రెండు, రెండున్నర మిల్లీలీటర్లు, వారం పిల్లకు ఆరేడు, రెండు వారాల పిల్లకు పదమూడు దాకా. అడిగినకొద్దీ పోయడం ప్రేమ కాదు. ఎక్కువ పోసి చంపేవాళ్లే ఎక్కువ. కళ్లు తెరవని పెంపుడు కుందేలు పిల్లకైతే పాలు పట్టేముందో పట్టాకో గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో పొత్తికడుపు కింద మెల్లగా రుద్దాలి. తల్లి నాకి చేసే పని అదే. అది చేయకపోతే మూత్రం బిగుసుకుపోయి చనిపోతుంది.

ఇక మూడో మాట, నిశ్శబ్దం. అడవి కుందేలు పిల్లను చేతులు మార్చుకుంటూ ఫోటోలు తీస్తే, ఇంటి కుక్క వాసన దగ్గర పెట్టెలో ఉంచితే, భయంతోనే గుండె ఆగి చస్తుంది. చీకటి గది, మూత ఉన్న పెట్టె, రోజుకు రెండుసార్లు తప్ప ముట్టుకోని చెయ్యి దానికి కావాలి. రెండు మూడు వారాలకు గడ్డి కొరకడం మొదలుపెడుతుంది. అప్పటి నుంచి లేత గడ్డి ఎప్పుడూ ముందుండాలి. మనిషికి మాలిమి అయిందంటే అడవికి పనికిరాకుండా పోయిందని అర్థం. అందుకే మొదటి పూట ఆదుకున్నాక తెలిసినవారి చేతికి అప్పగించడమే దారి. ఆ తెలిసినవారు ఎవరు? ఎక్కడున్నారు? కాశీబుగ్గ, టెక్కలి రేంజి కార్యాలయాల ముందు నుంచి రోజూ వేలమంది వెళ్తారు. అక్కడి గోడ మీద ఈ ప్రశ్నకు జవాబు రాయడానికి ఎంత రంగు పడుతుంది?

పశుసంవర్ధక శాఖ వారు ఇది అటవీ శాఖ గొడవ అని తప్పుకోకండి. పండగలకీ జాతరలకీ పిల్లలు మోజుపడి కొనే తెల్ల కుందేళ్లు పూర్తిగా మీ పరిధిలోనివే. వాటి కథ ఇంకో రకం. కొన్నప్పుడు రెండూ ఆడవే అని చెబుతారు. నెల తిరిగేసరికి గంపలో బొచ్చు లేని, కళ్లు తెరవని, ఎర్రటి కూనలు ఆరో ఏడో కనబడతాయి. ఇక్కడా అదే అపోహ. తల్లి వాటి మీద కూర్చోవడం లేదని, పాలివ్వడం లేదని కంగారుపడి కూనలను విడదీసి చేతిపాలు మొదలుపెడతారు. పెంపుడు కుందేలు కూడా రోజుకు ఒకటి రెండుసార్లే, మూడు నుంచి ఐదు నిమిషాలే పాలిస్తుంది. తెల్లవారి కూన పొట్ట గుండ్రంగా నిండి ఉందంటే తల్లి తన పని చేసినట్టే. నిజంగా పాలివ్వని తల్లి అయితే అదే వయసు పిల్లలున్న ఇంకో తల్లి గూట్లో కూనలను కలిపితే చాలావరకు సాకుతుంది. కుందేళ్ల ఫారాల్లో ఇది మామూలు పని. ఎవరి దగ్గర పాలిచ్చే తల్లి ఉందో తెలిపే ఒక చిన్న జాబితా మీ పశువైద్యశాలలో ఉంటే ఎన్ని సిరంజిల అవసరం తప్పుతుంది?

పాలు మానని కూనలను గంపల్లో పెట్టి అమ్మేవారిని ఎవరు అడగాలి? పెంపుడు జంతువులు అమ్మే దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 2018 నుంచి నిబంధనలు ఉన్నాయి. జాతరలో గంప పెట్టుకున్నవాడి దాకా ఆ నిబంధన ఎప్పుడు వస్తుంది? మోజు తీరాక ఆ తెల్ల కుందేళ్లను జీడితోటలో "స్వేచ్ఛగా" వదిలిపెట్టేవారికి, అది స్వేచ్ఛ కాదు, మొదటి రాత్రే కుక్కకో నక్కకో ఆహారం అని ఎవరు చెప్పాలి? 1962 నంబరుకు ఫోన్ చేస్తే ఇంటి ముందుకు పశువైద్యం వస్తుందని చెప్పారు. 2022 నుంచి నియోజకవర్గాల వారీగా ఆ వాహనాలు తిరుగుతున్నాయి. సంతోషం. అటువైపు ఫోన్ ఎత్తినవారికి ఆవు, గేదె, మేక, గొర్రెతో పాటు కుందేలు కూన అన్నా అర్థమయ్యేలా శిక్షణ ఇచ్చారా? మీ శాఖ మంత్రి కింజరాపు అచ్చెన్నాయుడు గారు టెక్కలి నుంచి ఎన్నికైనవారే. ఈ లేఖ ఆయన దాకా చేరడానికి దూరం కూడా ఎక్కువ లేదు.

మీకు చేతకాదని నేను అనడం లేదు. చేతనవును కాబట్టే అడుగుతున్నాను. ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తున్నాయి. అటవీ శాఖ స్వచ్ఛంద సంస్థలతో కలిసి ఆ గుడ్లను కుక్కల బారిన పడకుండా తెచ్చి, కంచె వేసిన ఇసుకలో పూడ్చి, దాదాపు రెండు నెలలు కాపలా కాసి, పుట్టిన పిల్లలను సముద్రంలోకి వదులుతోంది. ఒకప్పుడు గుడ్లు ఏరుకుపోయే చేతులే ఇప్పుడు వాటికి కాపలా కాస్తున్నాయి. మత్స్యకార పల్లెల్లో ఈ మార్పు జరిమానా భయంతో రాలేదు. ఎవరో వచ్చి ఇసుకలో కూర్చుని, గుడ్డు ఎలా పట్టుకోవాలో చూపించారు కాబట్టి వచ్చింది.

టెక్కలి దగ్గరి తేలినీలాపురం చూడండి. పెలికాన్లూ పెయింటెడ్ స్టార్క్‌లూ చింతచెట్ల మీద గూళ్లు పెడితే ఆ ఊరు వాటిని చుట్టాల్లా చూసుకుంటుంది. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో నత్తలు తినే కొంగలు వస్తే వాన వచ్చిందని రైతు సంబరపడతాడు. పక్షికి చోటిచ్చిన మనుషులే ఈ జిల్లాలో ఉన్నది. కుందేలు పిల్లకు చోటివ్వడానికి మనసు లేక కాదు, తెలియక చంపుతున్నారు.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి పరిసరాల్లో ఎలుగుబంటి ఒకరి ప్రాణం తీసి, పలువురిని గాయపరిచింది. అప్పుడు వలలు వచ్చాయి, మత్తుమందు వచ్చింది, విశాఖ నుంచి బృందాలు వచ్చాయి. పట్టుబడ్డాక ఆ ఎలుగూ బతకలేదు. పెద్ద జంతువు మనిషి మీద పడితే తప్ప వన్యప్రాణికి వైద్యం గుర్తుకు రాదా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ పడగొట్టిన నాటి నుంచి ఈ నేల మీద తోటల రూపమే మారింది. కూలిన చెట్లు తీశారు, కొత్త మొక్కలు వేశారు, కొన్నిచోట్ల తోటే పోయింది. చాటు తగ్గినకొద్దీ తుప్పల్లో బతికే జీవం మనిషి కాళ్ల కిందికి వస్తోంది. తోట, ఊరు ఒకదాని మీద ఒకటి పడుతున్న చోట ఇలాంటి పిల్లలు దొరకడం ముందుముందు ఎక్కువే అవుతుంది. అది తెలిసీ సిద్ధం కాకపోతే దాన్నేమనాలి?

మీ వైపు నుంచి రాగల జవాబులు నాకు తెలుసు. ప్రకృతిలో పిల్లలు చావడం సహజం అంటారు. నిజమే, నక్క తింటే సహజం. ఆకు కుప్పతో కాలిపోవడం, ఆవుపాలు పోసి చంపడం ప్రకృతి పని కాదు. సిబ్బంది లేరంటారు. నేను కుందేలు ఆసుపత్రి అడగలేదు. కుందేళ్లేమీ అంతరించిపోవడం లేదంటారు. చట్టం అంతరించిపోయేవాటికి మాత్రమే రాశారా? నక్కకీ అడవి పిల్లికీ గుడ్లగూబకీ ఆహారం ఈ కుందేలే. అది తగ్గితే అవి ఊళ్లోకి, కోళ్ల గూటిలోకి వస్తాయి. ఆ నష్టం రైతుదే.

ఇంకో మాట కూడా అంటారు, అది బరువైన మాట. "ఉద్దానంలో మనుషులే కిడ్నీలు పాడై పోతుంటే కుందేళ్ల గోలేమిటి?" పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చే దాకా ఈ ప్రాంతం ఎంత ఎదురుచూసిందో మాకు తెలుసు. డయాలసిస్ మంచం పక్కన కూర్చున్న కుటుంబాల మధ్యే మేమూ బతుకుతున్నాం. అక్కడి పైసా ఇక్కడికి తెమ్మని ఎవరూ అనడం లేదు. అడుగుతున్నది ఒక కాగితం, ఒక ఫోన్ నంబరు, ఒక పూట శిక్షణ. ఒక కష్టం పెద్దదని ఇంకో బాధ్యత రద్దయిపోతుందా? సాటి ప్రాణుల పట్ల దయ చూపడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఏ(జి) అధికరణలో రాసుకున్నాం. పౌరుడు ఆ విధి నిర్వర్తించబోతే ఎలా నిర్వర్తించాలో చెప్పవలసిన విధి ఎవరిది?

ఇందులో మనుషుల లెక్క కూడా ఉంది. చట్టం పేరు చెప్పి భయపెట్టినప్పుడల్లా ఒక మంచి మనిషి నోరు మూతపడుతుంది. రాత్రిపూట తలకు లైటు కట్టుకుని, వల పన్ని కుందేళ్లను పట్టేవాడికి మీ భయం లేదు. అతనికి దారులు తెలుసు. భయం ఉన్నది పిల్లను కొంగులో వేసుకున్న ఆమెకు. కేసవుతుందేమోనని ఆమె ఎవరికీ చెప్పదు, తెలిసీ తెలియక పాలు పోస్తుంది, చచ్చాక గోతిలో పూడ్చేస్తుంది. పెట్టె చుట్టూ మూగిన బడిపిల్లలు ఆరోజు ఏం నేర్చుకున్నారు? ప్రాణం కాపాడబోతే చచ్చిపోతుందని, ప్రభుత్వానికి చెబితే పట్టుకుంటుందని. ఆ రెండు పాఠాలూ మీరు నేర్పినవే.

నేను అడిగేవి ఇవి. జీడితోటల్లో తుప్పలు కొట్టే సీజన్‌కు ముందే, జనవరి లోగా, రైతు సేవా కేంద్రాల్లో, పంచాయతీ కార్యాలయాల్లో, బడుల్లో ఒక పేజీ నోటీసు అతికించండి. పైన పెద్ద అక్షరాల్లో "ముట్టుకోకండి, తల్లి సాయంత్రం వస్తుంది" అని, కింద "నిజంగా అనాథ అయితే" అని. ఆవుపాలు వద్దన్న మాట ఎర్ర రంగులో వేయండి. ఒక ఫోన్ నంబరు ఇవ్వండి, అది సెలవు రోజుల్లోనూ మోగాలి. కుందేలు పిల్లను తెచ్చి అప్పగించిన మనిషికి రసీదు ఇవ్వండి, కేసు పెట్టబోమని ముందే చెప్పండి. పలాసలో ఒకటి, టెక్కలిలో ఒకటి చొప్పున రెండు పశువైద్యశాలల్లో చిన్న జీవుల ప్రథమ చికిత్స పెట్టె ఉంచండి. అందులో సిరంజిలు, పిల్లికూనల పాలపొడి, దూది, వేడినీళ్ల సీసా, ఎంత పట్టాలో రాసిన అట్ట ఉంటే చాలు. పశుసంవర్ధక సహాయకులకు ఒక పూట శిక్షణ ఇవ్వండి. బతికి బట్టకట్టిన పిల్లను ఎక్కడ, ఎప్పుడు, ఎలా తిరిగి వదలాలో అటవీ శాఖ ఒక పద్ధతి రాసిపెట్టండి. జాతరల్లో కుందేళ్లు అమ్మేవారిని తనిఖీ చేయండి. ఇవి కాక మరేమీ లేవు.

వీటిలో ఏది కుదరదో చెప్పండి. కుదరకపోతే ఎందుకో చెప్పండి. కుదిరితే ఎప్పుడో చెప్పండి. ముట్టుకోవద్దంటే ముట్టుకోం, తెచ్చి ఇమ్మంటే తెచ్చి ఇస్తాం. ఎక్కడ, ఎవరికి, ఎన్ని గంటల్లో అన్నది రాసి ఉన్న కాగితం ఒకటి వచ్చే పిక్కల సీజన్‌కు ముందే మా ఊరి గోడ మీదికి చేర్చండి. అంతవరకు తోటలో దొరికిన ప్రతి పిల్లా చట్టం ప్రకారం మీదే, దాని చావుకు బాధ్యత కూడా మీదే.

ఇట్లు,
ఉద్దానం పౌరుడు ఒకరు